ఎడారి మునులు అడవిలోకి ఎలా వచ్చారు?

చదివేవాళ్లందరికీ వీలుగా ఉంటుందని మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. ఫ్రాన్స్‌లోని కోల్మార్ మ్యూజియంలో ఒక పెద్ద బలిపీఠ చిత్రం చూశారు. అందులో ఒక పలక మీద ఇద్దరు ముసలి సన్యాసులు అడవిలో కూర్చుని మాట్లాడుకుంటున్నారు. పైనుంచి నల్లటి పక్షి రొట్టె ముక్కున కరుచుకుని వస్తోంది. కాళ్ల దగ్గర లేడి పడుకుని ఉంది, చుట్టూ నాచు వేలాడే ఎండు చెట్లు. గైడు మాత్రం ఇది ఈజిప్టు ఎడారి కథ అన్నాడు. ఎడారి కథైతే అడవి ఎందుకు, అందులో ఒక్కో వస్తువుకు అర్థం ఏమిటి, వీళ్లూ మన ఋషుల్లాంటివాళ్లేనా అని మూడు అడిగారు. పాతికేళ్లుగా చిత్రకళ చదివే పిల్లలకు ఈ కాలపు బొమ్మల గురించే పాఠం చెబుతున్నాను. నా దృష్టిలో మొదటిదే అసలు ప్రశ్న. అది విప్పితే మిగతా రెండూ చాలావరకు విడిపోతాయి.

దాని జవాబు మన తెలుగు బైబిల్లోనే ఉంది. బాప్తిస్మమిచ్చు యోహాను 'యూదయ అరణ్యములో' ప్రకటించాడని మత్తయి సువార్త మూడో అధ్యాయం చెబుతుంది. ఆ అరణ్యం యెరూషలేముకు తూర్పున మృత సముద్రం వైపు దిగిపోయే బోడి కొండలు. చెట్టు నీడ దొరకడమే కష్టం. అయినా మనవాళ్లు దాన్ని ఎడారి అనలేదు, అరణ్యం అన్నారు. ఇది పొరపాటు కాదు. మూలంలో ఉన్న గ్రీకు మాట 'ఎరెమోస్'. ఇసుక ఉన్న చోటని కాదు, జనం లేని చోటని దాని అర్థం. ఏకాంతవాసిని 'హెర్మిట్' అనడం కూడా ఆ మాట నుంచే వచ్చింది. సంస్కృతంలో అరణ్యం అన్నా మొదటి అర్థం చెట్ల గుంపు కాదు. 'అరణ' అంటే దూరమైనది, పరాయిది. గ్రామం ఎక్కడ ఆగిపోతుందో అక్కడ మొదలయ్యేది అరణ్యం.

యూరప్ చిత్రకారులు రంగులతో చేసింది సరిగ్గా ఈ అనువాదమే. రైన్ నది ఒడ్డున పెరిగినవాడు ఇసుక తిన్నెలు ఎప్పుడు చూశాడు? అతనికి పొలిమేర దాటితే ఉన్నది అడవి. తోడేళ్లు, దొంగలు, బొగ్గు కాల్చేవాళ్లు, దారి తప్పిన బాటసారులు ఉండే చోటు. చర్చి గంట వినిపించని చోటు. ఈజిప్టు సన్యాసికి ఎడారి ఏమిటో ఇతనికి అడవి అది. అందుకని ఆ బొమ్మలో అడవిని వెనకాల వేసిన తెరలా చూడకండి. 'ఇతను ఊరు వదిలాడు' అనే వాక్యాన్ని అక్కడి జనానికి అర్థమయ్యేలా చెప్పే మాట అది.

ఈ మార్పు ఇటలీలో మెల్లగా జరిగింది. పీసా నగరంలోని కంపోసాంతో అనే శ్మశానవాటిక గోడల మీద 1330ల్లో బుఫల్మాకో వేసిన కుడ్యచిత్రంలో ఈజిప్టు సన్యాసులంతా కొండ గుహల్లో కనిపిస్తారు. ఇలాంటి బొమ్మలకు ఈజిప్టులోని తీబ్స్ ప్రాంతం పేరు మీద 'తెబాయిద్' అని పేరు. సుమారు 1420 నాటికి ఫ్రా ఆంజెలికో వేసినట్టు చెప్పే తెబాయిద్‌లో రాళ్ల మధ్య చెట్లు మొలిచాయి. 1430ల్లో సియెనా చిత్రకారుల చేతికి వచ్చేసరికి, సస్సెట్టా బృందానిదని చెప్పే చిన్న పలక మీద, ఈజిప్టు సన్యాసి అంతోని, పౌలు అనే ఏకాంతవాసిని వెతుక్కుంటూ దట్టమైన అడవి దారిలో నడిచి వెళ్తాడు. మధ్యలో సగం గుర్రం, సగం మనిషి అయిన ఒక జీవి ఎదురవుతుంది. చివర గుహ ముందు ఇద్దరు ముసలివాళ్లు చేతికర్రలు పక్కన పడేసి కౌగిలించుకుంటారు. ఆ పలక ఇప్పుడు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. మీరు కోల్మార్‌లో చూసిన కథకు ఇది ముందు రూపం.

ఇక్కడ ఒక మాట. మన ఊళ్లలో అంతోనివారి గుడి అంటే సాధారణంగా చేతిలో బాలయేసుతో కనిపించే పాదువా అంతోని. 13వ శతాబ్దపు ఫ్రాన్సిస్కన్ ఆయన. ఈ బొమ్మల్లో గడ్డంతో, చేతికర్రతో, కొన్నిసార్లు గంటతో, పందితో ఉండే అంతోని వేరు. ఈయన 251 ప్రాంతంలో పుట్టి 356లో పోయిన ఈజిప్టు సన్యాసి. ఇద్దరినీ కలిపేస్తే బొమ్మలు అసలు అర్థం కావు.

అడవే అర్థాన్ని మోసే చిత్రాల్లో నాకు అన్నిటికన్నా దగ్గరైనది ఫ్లోరెన్స్‌ది. 1459 ప్రాంతంలో ఫ్రా ఫిలిప్పో లిప్పి, మెదిచీ అనే బ్యాంకు వ్యాపారుల కుటుంబం వాళ్ల భవనంలోని చిన్న ప్రార్థనాలయానికి క్రీస్తు జనన చిత్రం వేశాడు. ఇప్పుడది బెర్లిన్‌లో ఉంది, ప్రార్థనాలయంలో పాత నకలు ఉంది. అందులో పశువుల పాక లేదు. యోసేపు లేడు, ఎద్దు లేదు, గాడిద లేదు. చీకటి నిండిన కొండ వాలు అడవి, నేల మీద పూలలో పడుకున్న బిడ్డ, మోకరించిన మరియ. పక్కన చిన్నవాడైన యోహాను, అతనికి పైన ప్రార్థనలో ఉన్న ఒక సన్యాసి. ఆయన బెర్నార్డు అని కొందరు, రొమువాల్డో అని కొందరు అంటారు. నేను రెండో పక్షం, ఎందుకో చెబుతాను.

రొమువాల్డో 11వ శతాబ్దం మొదట్లో టస్కనీ కొండల్లో కమాల్డొలి అనే ఆశ్రమం పెట్టాడు. ఒక్కో సన్యాసికి ఒక్కో కుటీరం, చుట్టూ ఫర్ చెట్ల అడవి. ఆ అడవిని పెంచడం, కాపాడటం వాళ్ల మఠ నియమాల్లోనే భాగం. 1866లో ఇటలీ ప్రభుత్వం తీసుకునే దాకా శతాబ్దాల పాటు అది వాళ్ల చేతుల్లోనే ఉంది. దేవుడు అరణ్యంలో దేవదారు, తుమ్మ, ఆలివ్ వంటి చెట్లు నాటుతానని యెషయా గ్రంథం 41వ అధ్యాయంలో అంటాడు. అక్కడి పాత నియమావళి ఆ చెట్ల పేర్లనే తీసుకుని, సన్యాసి ఏ చెట్టులా ఏ గుణంతో ఉండాలో వివరిస్తుంది. అంటే వాళ్లకు చెట్టు ఉపమానమూ, రోజూ చేసే పనీ రెండూ. మెదిచీలకు ఈ ఆశ్రమంతో దగ్గరి బంధం. 1460ల్లో అక్కడ యోహాను పేరున ఒక కుటీరం కట్టించి, దానికి కూడా లిప్పి చేతనే ఇలాంటి అడవి చిత్రం వేయించారు. దాంట్లో సన్యాసి కచ్చితంగా రొమువాల్డోనే. అందుకే మొదటిదాంట్లో ఉన్నదీ ఆయనే అని నా అభిప్రాయం.

బెర్లిన్ చిత్రంలో ఎడమవైపు కింది మూల చూడండి. నరికిన మొద్దులో గొడ్డలి దిగి ఉంది. దాని పిడి మీద చిత్రకారుడు తన పేరు రాసుకున్నాడు. అరణ్యంలో బాప్తిస్మమిచ్చు యోహాను చెప్పిన మాట గుర్తొస్తుందా? గొడ్డలి ఇప్పటికే చెట్ల వేరున పెట్టి ఉంది, మంచి ఫలం ఇవ్వని ప్రతి చెట్టూ నరికి అగ్నిలో వేయబడుతుంది. అది పశ్చాత్తాపానికి పిలుపు. లిప్పి స్వయంగా సన్యాసి. లుక్రేజియా అనే ఒక సన్యాసినితో కాపురం పెట్టి బిడ్డను కన్నవాడు. అతను తన సంతకం పూల మీద పెట్టలేదు, రాతి మీద పెట్టలేదు, గొడ్డలి మీద పెట్టాడు. ఈ మూల దగ్గరికి వచ్చినప్పుడు ప్రతి సంవత్సరం క్లాసులో కాసేపు మాట ఆగిపోతుంది నాకు.

ఇంకొకటి గమనించాలి. ఆ ప్రార్థనాలయం గోడల మీద 1459లో బెనొజ్జో గొజ్జోలి వేసిన, బాలయేసును చూడటానికి వెళ్లే జ్ఞానుల ఊరేగింపు ఉంది. గుర్రాలు, జరీ బట్టలు, వేట చిరుతలు, కుటుంబ సభ్యుల ముఖాలు. కళ్లు చెదిరే సంపద అంతా గోడల వెంట తిరిగి తిరిగి వచ్చి చివరికి బలిపీఠం మీది చీకటి అడవి దగ్గర ఆగుతుంది. యూరప్‌లోనే పెద్ద బ్యాంకు యజమానులు పొద్దున్నే ఆ గదిలో మోకరించేవాళ్లు. వడ్డీ వ్యాపారాన్ని పాపంగా చెప్పే మతం వాళ్లది. వాళ్ల కళ్లముందు గొడ్డలి, నరికిన మొద్దులు, ఏమీ లేని సన్యాసి. అడవి అర్థం ఆ గదిలో ఎవరు నిలబడ్డారన్న దాన్నిబట్టే పదునెక్కుతుంది.

ఇదే కళ్లతో మీ కోల్మార్ చిత్రం దగ్గరికి వద్దాం. 1512, 1516 మధ్య గ్రూనెవాల్డ్ దాన్ని వేసింది మ్యూజియం కోసం కాదు, ఇసెన్‌హైమ్ అనే ఊళ్లోని అంతోని మఠం కోసం. ఆ మఠంవాళ్ల ముఖ్యమైన పని వైద్యం. 'అంతోని మంట' అనే జబ్బుతో వచ్చేవాళ్లను చూసుకునేవాళ్లు. చలి ప్రాంతాల్లో పండే రై ధాన్యం కంకులకు ఒక బూజు పడుతుంది. మన దగ్గర సజ్జకు వచ్చే తేనెబంక తెగులు దీనికి దగ్గరి బంధువే. ఆ పిండితో చేసిన రొట్టె తింటే ఒళ్లంతా నిప్పు పెట్టినట్టు మంట, మతిభ్రమ, చివరికి వేళ్లు, చేతులు, కాళ్లు నల్లబడి కుళ్లడం. రొట్టె వల్ల వచ్చిందని అప్పట్లో ఎవరికీ తెలియదు. మఠంలో మంచి గోధుమ రొట్టె పెట్టేవాళ్లు, పూత మందులు రాసేవాళ్లు, కుళ్లిన అవయవాలు తీసేసేవాళ్లు.

ఇప్పుడు ఆ పక్షిని మళ్లీ చూడండి. అది మామూలు కాకి కాదు, మాలకాకి. ఏలీయా ప్రవక్తకు ఆహారం తెచ్చిన పక్షులను తెలుగు బైబిలు 'కాకోలములు' అంటుంది, అదే. 4వ శతాబ్దంలో జెరోమ్ రాసిన కథ ప్రకారం తొలి ఏకాంతవాసి పౌలుకు ఆ పక్షి 60 ఏళ్లపాటు రోజూ అర రొట్టె తెచ్చింది. 90 ఏళ్ల అంతోని వెతుక్కుంటూ వచ్చిన రోజున మొత్తం రొట్టె తెచ్చింది. అప్పటికి పౌలు వయసు 113. ముందు ఎవరు తుంచాలన్న దాని మీద 'మీరంటే మీర'ని సాయంత్రం దాకా మర్యాద పోటీ పడి, చివరికి చెరో కొస పట్టుకుని లాగారట. మామూలుగా దీన్ని దైవపోషణ అనీ, ప్రభువు భోజనానికి గుర్తనీ చెబుతారు. అది నిజమే. కానీ విషపు రొట్టె తిని చేతులు పోగొట్టుకున్నవాడు ఆ పలక ముందు నిలబడ్డాడనుకోండి. అతనికి పైనుంచి వస్తున్నది మంచి రొట్టె. మనం కాకికి పిండం పెట్టి పెద్దలకు చేరిందనుకుంటాం. అక్కడ పక్షే మనిషికి అన్నం తెచ్చిపెడుతోంది, ఆ మనిషి ఆశ అంతా దాని ముక్కున ఉంది.

సన్యాసుల కాళ్ల దగ్గర మొక్కలున్నాయి, చూశారా? అవి గడ్డీ గాదమూ కావు. వృక్షశాస్త్రం తెలిసినవాళ్లు వాటిని ఒక్కొక్కటిగా గుర్తుపట్టారు, మఠం వైద్యంలో వాడిన మందు మొక్కలు వాటిలో ఉన్నాయి. అంతోని పక్కన రాతికి ఆనించిన కవచం మీద ఉన్నది మఠాధిపతి గీడో గెర్సీ కుటుంబ చిహ్నం. అంతోని ముఖం కూడా ఆయనదేనని చాలామంది భావిస్తారు. పౌలు ఒంటి మీద ఈత ఆకు అల్లిన బట్ట, వెనక ఖర్జూరపు చెట్టు. ఆ ఒక్క చెట్టే ఈజిప్టును గుర్తు చేయడానికి మిగిలింది. మిగతాదంతా రైన్ లోయ అడవి. ఎండు చెట్ల నుంచి వేలాడే నాచు ముసలివాళ్ల గడ్డాల్లా ఉంటుంది, కుళ్లుతున్న ఒంటిలాగా కూడా ఉంటుంది. కానీ ఆ కుళ్లులోనే కాళ్ల కింద మందు మొలుస్తోంది. లేడి భయం లేకుండా పడుకుంది. పాపం రాకముందు ఏదెను తోటలో మృగాలు మనిషిని చూసి పారిపోలేదు. సన్యాసి దగ్గర ఆ స్నేహం తిరిగి వచ్చిందని చెప్పడానికి చిత్రకారులు లేళ్లను, కుందేళ్లను, సింహాలను వాడతారు.

సింహం పేరు ఎత్తాను కాబట్టి జెరోమ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. రాయితో గుండెలు బాదుకుంటున్న ముసలివాడు, పక్కన సింహం, కింద ఎర్ర టోపీ ఉంటే అది జెరోమ్. బైబిలును లాటిన్‌లోకి తెచ్చినవాడు, సిరియా ఎడారిలో కొన్నేళ్లు ఉన్నాడు. సింహం కథ నిజానికి యొర్దాను దగ్గరి గెరాసిముస్ అనే సన్యాసిది, పేర్లు దగ్గరగా ఉండి ఈయనకు అతుక్కుంది. కార్డినల్ అనే పెద్ద చర్చి పదవికి గుర్తుగా ఎర్ర టోపీ ఇచ్చే ఆచారం ఆయన పోయిన 800 ఏళ్ల తర్వాతది. చిత్రకారులు దాన్ని నేల మీద పడేసి చూపిస్తారు, పదవిని వదిలాడని చెప్పడానికి. లియొనార్డో అసంపూర్తిగా వదిలేసిన జెరోమ్ వాటికన్‌లో ఉంది. మెడ నరాలు చూస్తే పశ్చాత్తాపం అనే మాటకు వేరే నిర్వచనం అక్కర్లేదు.

గుర్తుల పట్టిక ఒకటి చేతిలో పెట్టుకుని బొమ్మలు చదవడం గురించి మిమ్మల్ని హెచ్చరించాలి. మీరు అడిగిన 'దీనికి ఇది అర్థం' పద్ధతి కొంతదూరమే వస్తుంది. మాడ్రిడ్‌లో హియరోనిమస్ బాష్ వేసిన యోహాను చిత్రం ఉంది. అడవిలో ఒరిగి పడుకున్న యోహాను ముందు ఒక వింత మొక్క, దానికి పెద్ద పండ్లు, వాటిని పొడుస్తున్న పక్షులు. ఆ మొక్క శరీర సుఖాలకు గుర్తని ఎన్నో పేజీలు రాశారు. తర్వాత పై రంగు కింద ఏముందో చూసే పరికరాలతో పరీక్షిస్తే, మొక్క కింద మోకరించిన ఒక మనిషి బొమ్మ బయటపడింది. చిత్రం వేయించిన దాత. ఎందుకో అతన్ని తీసేయాల్సి వచ్చింది, ఆ చోటును మొక్కతో కప్పారు. మొక్కకు అర్థం లేదని కాదు నేను అనేది. దాని ఆకారానికి, కొలతకు సగం కారణం కప్పాల్సిన మనిషి.

అదే కాలపు యోహాను చిత్రం బెర్లిన్‌లో ఇంకోటి ఉంది, గేర్ట్‌గెన్ వేసింది. అరచేయంత కాకపోయినా చిన్నదే, ఒక్కరు ఒంటరిగా పెట్టుకుని ప్రార్థించుకోవడానికి. అరణ్యం అంటే అందులో పచ్చిక, వాగు, కుందేళ్లు, ఇంచుమించు ఉద్యానవనం. మధ్యలో యోహాను గడ్డానికి చేయి ఆనించి, పాదం మీద పాదం వేసుకుని దిగులుగా కూర్చున్నాడు. పక్కనే గొర్రెపిల్ల. అంత అందమైన చోట అతనికి ఏదీ కనిపించడం లేదు, రాబోయే యేసు సిలువ మరణం తప్ప. అడవి ఎంత పచ్చగా ఉంటే ఆ దిగులు అంత బరువుగా తెలుస్తుంది.

బెల్లీని 1470ల చివర్లో వేసిన అస్సీసి సన్యాసి ఫ్రాన్సిస్ చిత్రం దీనికి ఎదురు. న్యూయార్క్ ఫ్రిక్ సంగ్రహంలో ఉంది. పేరులో 'ఎడారి' అని ఉంటుంది, బొమ్మలో ద్రాక్షతీగ పందిరి, మందు మొక్కలు, గాడిద, కొంగ, రాళ్ల సందులో కుందేలు, దూరంగా ఊరు. ఫ్రాన్సిస్ చెప్పులు బల్ల దగ్గరే వదిలి ఉత్తకాళ్లతో బయటికి వచ్చి వెలుగు వైపు చేతులు చాచాడు. మండే పొద ముందు మోషే చెప్పులు విప్పిన సంగతి అప్పటి చూపరికి వెంటనే తట్టేది. అంటే ఈ అడవే పవిత్ర స్థలం. ఇక్కడ దయ్యాలు లేవు, గొడ్డలి లేదు.

ఇక మన ఋషుల సంగతి. పోలిక సహజంగా వస్తుంది, జటలు, నారబట్టలు, లేడిపిల్లలు రెండు చోట్లా ఉన్నాయి. కానీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. మన కథల్లో ముని తపస్సుకు శక్తి పెరుగుతుంది, ఆ వేడి తగిలి ఇంద్రుడు భయపడి మేనకను పంపుతాడు. ఆశ్రమం శాంతికి చోటు, అలజడి పైనుంచి దిగుతుంది. ఈజిప్టు సన్యాసి లెక్క వేరు. జనం లేని చోటు దయ్యాల నివాసమని తెలిసే అక్కడికి వెళ్తాడు, యేసు 40 రోజులు శోధనకు గురైన చోటికి యుద్ధానికి వెళ్లినట్టు. అతనికి శక్తి పెరగదు, గాయాలు పెరుగుతాయి. అందుకే అంతోని బొమ్మల్లో సగం యుద్ధాలే. లిస్బన్‌లో ఉన్న బాష్ మూడు పలకల చిత్రం మొత్తం అదే.

అడవి సన్యాసుల బొమ్మలు తర్వాత కూడా ఆగలేదు. మార్టిన్ లూథర్ మఠ జీవితాన్ని కాదన్నాక ఉత్తర జర్మనీలో వాటి అవసరం తగ్గింది. కాథలిక్ వైపు మాత్రం సాదెలెర్ సోదరులు 1594లో 'పవిత్ర వనాలు' అనే అర్థమున్న పేరుతో ఒక అచ్చు బొమ్మల వరుసనే తెచ్చారు. వెనిస్‌లో తింతొరెత్తో 1580ల్లో ఇద్దరు స్త్రీలను, సాయంత్రపు చెట్ల కింద ఒంటరిగా పుస్తకంతో కూర్చోబెట్టాడు. మగ్దలేనే మరియ, ఈజిప్టు మరియ అని వాళ్లకు పేరు. అలాంటి యూరప్ అచ్చు బొమ్మలు అక్బరు కొలువుకూ చేరాయి. కేశవదాసు అనే చిత్రకారుడు అక్కడే ఒక జెరోమ్‌ను వేశాడు.

మీరు మళ్లీ కోల్మార్ వెళ్తే ఒక పని చేయండి. ఈ పలకతో జంటగా కుడివైపున ఉన్నది అంతోని శోధన. అందులో ఎడమ మూల కింద, ఉబ్బిన పొట్టతో, ఒళ్లంతా పుళ్లతో ఒక మనిషి కూలబడి ఉంటాడు. ఇంకో మూల ఒక కాగితం మీద లాటిన్‌లో 'ఎక్కడున్నావు మంచి యేసూ, ఎక్కడున్నావు, నా గాయాలు మాన్పడానికి ఎందుకు రాలేదు?' అని రాసి ఉంటుంది. ముందు అక్కడ నిలబడి, ఆ కాగితం చదివి, తర్వాత ఎడమవైపు పలక దగ్గరికి నడవండి. నడవలేనివాడిని మంచం మీద మోసుకొచ్చి కింద పెడితే అతని కళ్లు ఎంత ఎత్తులో ఉంటాయో అంత ఎత్తుకు వంగి చూడండి. ముందు కనిపించేవి సన్యాసుల ముఖాలు కావు, వాళ్ల పాదాల దగ్గరి మందు మొక్కలు.